సికింద్రాబాద్ సంగీత్ టాకీసు: చూసినవాళ్ళు చెప్పండి

ఖమ్మం_కొత్తపక్షి: సిటీకి వచ్చి ఆర్నెల్లయింది. ఆఫీసుకి వెళ్ళే బస్సులో కండక్టర్ రోజూ "సంగీత్, సంగీత్" అని అరుస్తాడు. ఏదో సంగీత కళాశాల అనుకున్నా. మొన్న దిగి చూస్తే ఉత్త చౌరస్తా. ఛాయ్ తాగుతున్న పెద్దాయన "టాకీసు బిడ్డా, కూలగొట్టిన్రు" అన్నాడు. అసలు అక్కడేముండేది?

లష్కర్_పోరడు: ఏముండెనా! ఇంగ్లీష్ సినిమా అంటే మాకు సంగీతే. బడి ఎగ్గొట్టి పోయెటోళ్ళం. ఒక్క ముక్క సమజ్ గాకపోయేది. కంటోన్మెంట్ ఆఫీసర్ల ఇండ్లోళ్ళు, రైల్వే క్వార్టర్ల ఆంగ్లో ఇండియన్లు వస్తుండె. ఆళ్ళు నవ్వితే మేం గూడ నవ్వుడు, జరంత ఆలస్యంగ. ఒకసారి మావోడు ముందే నవ్విండు. చూస్తే తెరమీద ఎవరో సచ్చిపోతున్నరు.

ఆపరేటర్_గారబ్బాయి: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్న టూరింగ్ టాకీసులో ఆపరేటరు. ఒకటే ప్రొజెక్టరు, రీలు మార్చినప్పుడల్లా చీకటి, ఈలలు. ప్రొజెక్టర్లో వెలుగు కోసం మండే కార్బన్ కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ కూర్చోవాలి. మా మేనత్త సికింద్రాబాద్‌లో ఉంటే వాళ్ళింటికి వచ్చినప్పుడు నాన్న నన్ను సంగీత్‌కి తీసుకెళ్ళాడు, సెవెంటీ ఎంఎం చూపిస్తానని. అప్పటికింకా తెలుగులో సెవెంటీ ఎంఎం సినిమా రాలేదు, 1986లో 'సింహాసనం'తోనే కదా మొదలు. మామూలు ఫిల్ముకి రెట్టింపు వెడల్పు, అంచుల్లో అయస్కాంతపు పూత, దాని మీద ఆరు ట్రాకుల సౌండు అని దారంతా చెబుతూనే ఉన్నాడు. తీరా సినిమా మొదలయ్యాక ఆయన తెర చూడలేదు. వెనక్కి తిరిగి, వెలుగొచ్చే ఆ చిన్న కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. వెనక సీటాయన "ఏమండీ, తెర అటుంది" అన్నాడు కూడా.

కీస్_బడి_పిల్ల: మా బడి అక్కడే. 1998లో అమ్మతో 'టైటానిక్' అక్కడే చూశా. బొమ్మ గీసే సీను రాగానే అమ్మ నా కళ్ళు మూసేసింది. తను మాత్రం చూసింది! ఇప్పటికీ అడిగితే "నేనూ కళ్ళు మూసుకున్నా" అంటుంది.

నిజం_మాట్లాడుకుందాం: అందరూ బాధపడుతున్నారు, మంచిదే. కానీ 2003లో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ వచ్చాక మనం ఎటు పోయాం? నేనైతే అటే పోయాను. పెద్ద హాలుకి వారమంతా ఒకటే బొమ్మ. అది ఆడకపోతే కుర్చీలన్నీ ఖాళీ. నాలుగైదు తెరలున్నవాడు జనం పల్చబడిన సినిమాని చిన్న తెరకి మార్చుకుంటాడు. పైగా నడిబొడ్డున అంత జాగా. లెక్క తెలిసిన ఎవడైనా హాలు కూలగొట్టే పనే చేస్తాడు.

లష్కర్_పోరడు: లెక్క మాకు గూడ తెలుసన్నా. కూలగొడుతున్నప్పుడు నేను బస్సుల నుంచి చూసిన. ఒక గోడ పోయింది, లోపలి మెట్లు కనబడ్డయి. ఆ మెట్లని ఎండల చూసుడు అదే మొదలు. అప్పటిదంక లైట్ల వెలుగులనే చూసినం గద. దిగుదామనుకున్న, దిగలే.

ఆపరేటర్_గారబ్బాయి: దిగకపోవడమే మంచిదయింది తమ్ముడూ.

ఖమ్మం_కొత్తపక్షి: అందరికీ థ్యాంక్స్. ఇవాళ బస్సులో "సంగీత్ ఒకటి" అని టికెట్ అడిగి, అది సినిమా హాలు పేరని తెలుసా అన్నాను. కండక్టర్‌ది నా ఈడే. "ముందు చిల్లర ఇయ్యన్నా" అన్నాడు.