డర్ట్ ఆల్బమ్ డ్రగ్స్‌ని గొప్పగా చూపిస్తుందంటే నేను ఒప్పుకోను

అర్ధరాత్రి_రిఫ్:
మొన్న మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకడు రాశాడు, వాళ్ళబ్బాయి పదిహేడేళ్ళవాడు అమెరికాలో సియాటిల్ రాక్ బ్యాండ్ ఆలిస్ ఇన్ చెయిన్స్ వాళ్ళ డర్ట్ వింటున్నాడట, లిరిక్స్ చదివి హడలిపోయి ఫోన్లోంచి తీయించేశాడట, "హెరాయిన్ మంచిదని పాడే ఆల్బమ్ అది" అని. తండ్రిగా వాడి భయం అర్థమవుతుంది కానీ ఆ మాట మాత్రం తప్పు. 1992 సెప్టెంబర్లో వచ్చిన ఆల్బమ్‌ని ఇప్పటి పిల్లలు కూడా వెతుక్కుని మరీ వింటున్నారంటే అందులో అబద్ధం లేకపోవడమే కారణమని నా నమ్మకం. వరసగా విని చూడండి. జంక్‌హెడ్ పాటలో మనిషి ఫుల్ ధీమాగా ఉంటాడు, మీకేం తెలుసు నా లోకం అన్నట్టు. తర్వాత ఆల్బమ్ పేరుతోనే ఉన్న డర్ట్ పాట, గాడ్ స్మాక్, హేట్ టు ఫీల్, యాంగ్రీ చెయిర్, ఒక్కో పాటకీ ఆ ధీమా కరిగిపోయి చివరికి నాలుగ్గోడల మధ్య కుర్చీలో ఊపిరాడక కూర్చున్న మనిషి మిగుల్తాడు. జంక్‌హెడ్ నుంచి యాంగ్రీ చెయిర్ దాకా ఒకే కథ అని గిటారిస్ట్ జెర్రీ కాంట్రెలే చెప్పాడు. హేట్ టు ఫీల్, యాంగ్రీ చెయిర్ రెండూ సింగర్ లేన్ స్టేలీ ఒక్కడే రాసుకున్నాడు, మాటలూ ట్యూనూ కూడా. ఆ ఏడాది మొదట్లో డ్రగ్స్ మానడానికి రీహాబ్‌కి వెళ్ళొచ్చి మళ్ళీ అందులోనే పడ్డ మనిషి రాసినవి అవి. దాన్ని పొగడటం అని ఎలా అంటాం?

విశాఖ_డ్రమ్స్:
బ్రో, వరస అంటున్నావు, ఇప్పుడు ఎవడు వరసగా వింటున్నాడు చెప్పు. జంక్‌హెడ్ ఒక్కటే ప్లేలిస్ట్‌లో వచ్చిందనుకో, ముందూ వెనకా లేకుండా వింటే అది అచ్చంగా గొప్పలు చెప్పుకోవడమే. ఇది నా ఊహ కూడా కాదు, స్టేలీయే 1996లో రోలింగ్ స్టోన్ పత్రికతో బాధపడ్డాడు, ఫ్యాన్స్ దగ్గరికొచ్చి మేమూ మత్తులో ఉన్నాం అని బొటనవేలు ఎత్తి చూపిస్తున్నారని, సరిగ్గా ఏది జరక్కూడదనుకున్నాడో అదే జరిగిందని. పాడినవాడే ఒప్పుకున్నాక మనం వాదించేదేముంది? ఆల్బమ్ అద్భుతం, అందులో డౌట్ లేదు, నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నా. కానీ మీ ఫ్రెండ్‌ది పూర్తిగా తప్పు కాదు.

బాథెల్_వాన:
నేను సియాటిల్ పక్కనే ఉంటా, పదకొండేళ్ళయింది. అసలు ఇది మొత్తం డ్రగ్స్ ఆల్బమ్ అనడమే నాకు నచ్చదు. రూస్టర్ పాట కాంట్రెల్ వాళ్ళ నాన్న గురించి, వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి, రూస్టర్ అనేది ఆయన చిన్నప్పటి ముద్దుపేరు. ఇంటికి తిరిగొచ్చినా యుద్ధం ఆయన్ని వదల్లేదు, అది కొడుకు ఆయన లోపల కూర్చుని రాసినట్టుంటుంది. ఇంక చివరి పాట వుడ్ (Would?) చూడండి, మదర్ లవ్ బోన్ అనే బ్యాండ్ సింగర్ ఆండ్రూ వుడ్ (Wood) 1990లో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు, ఇరవై నాలుగేళ్ళే, ఆ స్నేహితుడి కోసం రాసిన పాట అది. అలా పోయిన మనిషిని తలుచుకుని ముగిసే ఆల్బమ్ అడ్వర్టైజ్‌మెంట్ ఎలా అవుతుందండీ. ఇంకో మాట, సియాటిల్ వాన సియాటిల్ చీకటి అని అందరూ అంటారు గానీ దీని రికార్డింగ్ ఎక్కువ భాగం లాస్ ఏంజెలెస్‌లో జరిగింది, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసుల్ని వదిలేసిన తీర్పు తర్వాత అల్లర్లతో ఊరు తగలబడుతుంటే వీళ్ళు పని ఆపేసి ఎడారి వైపు వెళ్ళిపోయారు.

మిశ్రచాపు:
లిరిక్స్ పక్కన పెట్టండి కాసేపు. ఇందులో దెమ్ బోన్స్ పాట వెర్స్ ఏడు లెక్క మీద నడుస్తుంది, చేత్తో తాళం వేసి చూడండి, మన కర్ణాటక సంగీతంలో ఏడు లెక్క తాళం మిశ్ర చాపు తెలిసినవాళ్ళకి టక్కున దొరుకుతుంది, కోరస్‌కి వచ్చేసరికి నాలుగు. ఆ తడబాటు కాళ్ళకింద నేల కదిలినట్టుంటుంది. పైన స్టేలీ, కాంట్రెల్ గొంతులు రెండూ అంత దగ్గరగా, ఎవరిది ఏదో విడదీయలేనంతగా కలిసిపోతాయి. నేనైతే ఆ రెండు గొంతుల కోసమే వింటా.

గోదావరి_అమ్మాయి:
మా పెదనాన్నగారి అబ్బాయి నాకు ఈ ఆల్బమ్ పరిచయం చేశాడు, క్యాసెట్‌లో. అన్నయ్య తాగుడుతో పోయాడు, ముప్పై ఆరేళ్ళకి. పాటల వల్ల తాగాడని నేను ఎప్పుడూ అనుకోలేదు, కానీ డౌన్ ఇన్ ఎ హోల్ పెట్టుకుని గది తలుపేసుకునేవాడు, బయట పెద్దమ్మ అన్నం పట్టుకుని నిలబడేది, ఆ పాట వింటే నాకు ఆ తలుపే కనిపిస్తుంది. పొగుడుతుందా హెచ్చరిస్తుందా అని మీరు అడుగుతున్నారు, మా ఇంట్లో అది రెండూ చెయ్యలేదు, వాడితో కూర్చుంది అంతే. మేము కూర్చోలేకపోయాం.

అర్ధరాత్రి_రిఫ్:
అక్కా, ఇది చదివి చాలాసేపు ఏం టైప్ చెయ్యాలో తెలీలేదు. నేను హెచ్చరిక హెచ్చరిక అని వాదిస్తున్నా గానీ మీరన్నదే నిజం అనిపిస్తోంది. స్టేలీ 2002 ఏప్రిల్లో పోయాడు, ముప్పై నాలుగేళ్ళు, ఒంటరిగా తన ఫ్లాట్‌లో, రెండు వారాలు ఎవరికీ తెలీలేదు. ఇందులో బాస్ వాయించిన మైక్ స్టార్ 2011లో పోయాడు. హెచ్చరిక వాళ్ళకే పనిచెయ్యలేదు కదా. విశాఖ బ్రో, వరస లేకుండా ఒక్క పాటే వినడం విషయంలో నీ మాట ఒప్పుకుంటున్నా. మా ఫ్రెండ్‌కి మాత్రం రాశా, డిలీట్ చేయించకు, ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని మొత్తం విను, ఏ పాట ఎందుకు నచ్చిందో అడుగు అని.

విశాఖ_డ్రమ్స్:
అది బాగుంది. ఇందాక జంక్‌హెడ్ నుంచి యాంగ్రీ చెయిర్ దాకా వరసగా విన్నా, నువ్వు చెప్పిన కథ వినపడింది. జంక్‌హెడ్ మీద మాత్రం నా మాట మారదు. మీ ఫ్రెండ్ ఏమన్నాడో ఇక్కడ పెట్టు.