మైగ్రేన్‌కి పాత మాత్ర వేసుకున్న రోజే కొత్త మాత్ర వేసుకోవచ్చా అండి?

పాలకొల్లు అమ్మాయి
అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, నాకు 36 ఏళ్ళు. పెళ్ళి కాకముందు నుంచీ ఈ ఒంటితలనొప్పి ఉంది, ఎడం కంటి వెనకాల మొదలై మాడు దాకా పాకుతుంది, వాంతులవుతాయి, తలుపులేసుకుని చీకట్లో పడుకుంటే తప్ప నెమ్మదించదు. ఎప్పుడో మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఓ మాత్ర రాసిచ్చేరు, అప్పట్నుంచీ నొప్పొస్తే అదే తెచ్చుకుని వేసుకుంటున్నాను. ఈమధ్య నెలకి పదీ పన్నెండుసార్లు వస్తుందని పోయిన వారం భీమవరంలో న్యూరాలజీ డాక్టర్ గారికి చూపించుకున్నాను. నొప్పి మొదలవగానే వేసుకోమని సుమాట్రిప్టాన్ 50 ఎంజీ, రోజూ వేసుకోమని ప్రొప్రనొలాల్ రాసేరు. బయట జనం నిండిపోయి ఉన్నారు, లోపల రెండు నిమిషాలు కూడా లేను, ఏమీ అడగలేకపోయాను.

నిన్న పొద్దున్న నొప్పొస్తే అలవాటు కొద్దీ పాత మాత్ర వేసేసుకున్నాను, సాయంత్రం మళ్ళీ మొదలైంది. అప్పుడు కొత్తది వేసుకోవచ్చో లేదో తెలీక తలకి గుడ్డ కట్టుకుని రాత్రంతా ఓర్చుకున్నాను. ఇలాంటప్పుడు వేసుకోవచ్చా? ఇంకోటి, షాపులో కత్తెరతో షీటు ముక్కలు చేసి ఇస్తారు కదా, నా బిస్కెట్ల డబ్బాలో అన్నీ పేర్లు లేని ముక్కలే, ఏది ఏదో నాకే తెలీట్లేదు. ప్రొప్రనొలాల్ ఇంకా మొదలెట్టలేదు, భయమేసింది.

తణుకు ఫార్మసిస్ట్
అమ్మా, నేను 14 ఏళ్ళుగా మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. తెలీనప్పుడు వేసుకోకుండా ఆగేరు చూడండి, చాలా మంచి పని చేసేరు. పాత మాత్రలో ఏముందో తెలిస్తే గానీ మిగతాది చెప్పలేను, ఎక్కడైనా పేరున్న ఖాళీ షీటు దొరుకుతుందేమో వెతికి, దాని మీద సన్న అక్షరాలతో రాసినవి ఇక్కడ టైప్ చేయండి. మైగ్రేన్‌కి కాకుండా వేరే ఏ మందు వాడుతున్నా చెప్పండి, చర్మానికి వాడేదైనా సరే. ఆయాసం ఉందా? చేతుల్లో కాళ్ళలో తిమ్మిరి లాంటిది ఉందా?

పాలకొల్లు అమ్మాయి
దొరికిందండి, పరుపు కింద ఖాళీ షీటు. ఎర్గొటమిన్ టార్ట్రేట్ 1 ఎంజీ, కెఫిన్ 100, పారాసెటమాల్ 250, ప్రోక్లోర్‌పెరాజిన్ 2.5 అని ఉంది. వానాకాలం వస్తే ఆయాసం వస్తుందండి, ఇన్‌హేలర్ వాడతాను, డాక్టర్ గారు అడగలేదు నేను చెప్పలేదు. ఈ చెమటకి నడుం చుట్టూ తామర వస్తే 12 రోజుల నుంచి ఇట్రకొనజోల్ వేసుకుంటున్నాను. మీరడిగేరు కాబట్టి చెప్తున్నాను, నాలుగు రోజుల నుంచీ వేళ్ళ కొసలు చల్లగా ఉండి సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఈ రోహిణి ఎండల్లో అందరం ఉడికిపోతుంటే నా చేతులు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయని మా అత్తగారు కూడా అన్నారు. నీరసం అనుకున్నాను.

తణుకు ఫార్మసిస్ట్
అమ్మా ఇది నీరసం కాదు, రేపటి దాకా ఆగొద్దు, ఇప్పుడే ఇంట్లోవాళ్ళని తీసుకుని పెద్దాసుపత్రికి బయల్దేరండి. ఎందుకంటున్నానో చెప్తాను, దారిలో చదువుకోండి.

ఎర్గొటమిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది. మన వరి కంకికి మానిపండు తెగులు పట్టినట్టు చలిదేశాల్లో రై అనే ధాన్యం కంకికి ఎర్గొట్ అని ఒక బూజు పడుతుంది, ఈ మందు పుట్టింది దాంట్లోంచే. పూర్వం యూరప్‌లో ఆ బూజు పట్టిన పిండి తిన్న జనానికి వేళ్ళు నల్లబడి ఊడిపోయేవి. మాత్రలో ఉండేది కొలిచిన చిన్న మోతాదు, దాన్ని మన లివర్ ఎప్పటికప్పుడు అరగదీసి పంపించేస్తుంది. కానీ మీరు తామరకి వేసుకునే ఇట్రకొనజోల్ సరిగ్గా ఆ అరగదీసే పనినే ఆపేస్తుంది. దాంతో ఎర్గొటమిన్ ఒంట్లో పేరుకుపోయి కాళ్ళకీ చేతులకీ రక్తం అందదు. ఈ రెండూ కలిపి అస్సలు వాడకూడదు, ఇట్రకొనజోల్ ఆపేశాక కూడా రెండు వారాల వరకూ వద్దు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్‌తో కూడా ఇదే ప్రమాదం, దగ్గుకో గొంతునొప్పికో రాస్తుంటారు కాబట్టి గుర్తుపెట్టుకోండి.

మీ మొదటి ప్రశ్నకి జవాబు: వేసుకోకూడదు. సుమాట్రిప్టాన్ కూడా నాళాల్ని బిగించేదే, ఎర్గొటమిన్‌కీ దానికీ మధ్య 24 గంటలు ఉండాలి, ఏది ముందు వేసుకున్నా అంతే. మీ విషయంలో అయితే డాక్టర్ చేతుల్లో కాళ్ళలో నాడి చూసే దాకా రెండూ వద్దు. ప్రొప్రనొలాల్ మొదలెట్టకండి, ఆయాసం ఉన్నవాళ్ళకి అది ఊపిరి తిప్పుకోనివ్వదు, పైగా ఎర్గొటమిన్‌తో కలిస్తే వేళ్ళకి రక్తం ఇంకా తగ్గుతుంది. వేళ్ళు తెల్లబడినా నీలంగా మారినా, పిక్కలు బాగా నొప్పెట్టినా, ఛాతీ పట్టేసినా బండి కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఆ డబ్బా డబ్బాగా పట్టుకెళ్ళి డాక్టర్ ముందు పెట్టండి.

నరసాపురం నుంచి
మా నాన్నగారు ఆ మాత్ర 15 ఏళ్ళు వేసుకున్నారు, ఏమీ అవలేదు. ఊరికే భయపెడుతున్నారనిపిస్తుంది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసినా మాకు బాగా తగ్గుతుంది.

తణుకు ఫార్మసిస్ట్
శొంఠి పట్టుతో హాయిగా ఉంటే వేసుకోండి, కంట్లో పడకుండా చూసుకోండి. మీ నాన్నగారికి ఏమీ అవకపోవడం సంతోషం, కానీ ఆయన ఇట్రకొనజోల్ వేసుకుంటూ వాడలేదు కదా. ఈవిడకి వేళ్ళు చల్లబడ్డాయి అండి, ఇక్కడ తేలిగ్గా మాట్లాడితే ఆవిడ ఇంట్లో ఆగిపోతుంది.

రాజోలు రొయ్యల చెరువు
చెల్లెమ్మా ముందు ఆసుపత్రికి వెళ్ళు, నేను చెప్పేది వచ్చాక చదువు. నెలకి పన్నెండు అన్నావు చూడు, నాకు సరిగ్గా అక్కడే మొదలైంది. రాత్రిళ్ళు చెరువు మీద ఏరియేటర్లు తిప్పుకుంటూ నిద్ర లేక తల పగిలిపోయేది, పొద్దున్నే వేట ఉంటే ముందే ఓ మాత్ర వేసేసుకునేవాడిని, నొప్పి రాకముందే. మెల్లిగా నెలకి ఇరవై అయినాయి. రాజమండ్రిలో డాక్టర్ గారు చెప్పేదాకా నాకు తెలీదు, మాత్రల వల్లే తలనొప్పి వస్తుందని. ఎర్గొటమిన్ అయినా ట్రిప్టాన్ అయినా నెలలో 10 రోజులు గానీ అంతకు మించి గానీ వాడితే, వట్టి పారాసెటమాల్ లాంటివైతే 15 రోజులు గానీ అంతకు మించి గానీ వాడితే, అలా మూడు నెలలకి మించి సాగితే మందే జబ్బయి కూర్చుంటుందంట. ఆయన చెప్పినట్టు ఆపేస్తే మొదటి పది రోజులు నరకం, రెండు రోజులు మంచం దిగలేదు, వాంతికి వేరే మందిచ్చేరు. రెండో నెలకి గానీ తేడా తెలీలేదు, ఇప్పుడు నెలకి మూడు నాలుగు వస్తాయి. గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే, మాత్ర వేసుకున్న రోజు సున్నా చుడతాను, ఎనిమిది సున్నాలు అయినాయంటే డాక్టర్ గారికి ఫోన్ చేస్తాను. సొంతంగా మాత్రం ఆపకు, అడిగి ఆపు.

అమలాపురం అక్క
నాదొక్క మాట. నా సుమాట్రిప్టాన్ షీటులోంచి మా అమ్మ ఒకటి తీసి వేసేసుకుంది, తలనొప్పి మందే కదా అని. ఆవిడకి అంతకుముందే గుండెకి స్టెంట్ వేసేరు, అలాంటివాళ్ళకీ, పక్షవాతం వచ్చినవాళ్ళకీ, బీపీ అదుపులో లేనివాళ్ళకీ ఆ మందు నిషిద్ధం. అరగంటలో ఛాతీ మీద బండ పెట్టినట్టుంది అంటే మా కాళ్ళలో వణుకు పుట్టింది, ఐసీయూలో ఒక రాత్రి ఉంచేరు, దేవుడి దయవల్ల బయటపడింది. దయచేసి మీ మందు ఎవరికీ అరువియ్యకండి, అందేచోట పెట్టకండి.

పాలకొల్లు అమ్మాయి
నాలుగు రోజుల తరవాత రాస్తున్నాను అండి. ఆ రాత్రే వెళ్ళేం. మణికట్టు దగ్గర నాడి బాగా సన్నగా ఉందని డాక్టరమ్మ గారు రెండు చేతులూ పాదాలూ పదేపదే పట్టుకుని చూసేరు, ఒక రోజంతా ఉంచి ఏవో మందులెక్కించేరు. నిన్నటికి వేళ్ళకి వెచ్చదనం వచ్చింది, గ్లాసు పట్టుకుంటే కాఫీ వేడి తెలిసింది, ఏడుపొచ్చేసింది. పాత మాత్ర పూర్తిగా మానిపించేరు, తామరకి పైన రాసుకునే మందు చాలన్నారు. ప్రొప్రనొలాల్ బదులు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 ఎంజీ ఇచ్చేరు, పొద్దున్న కాస్త మత్తుగా ఉంటుంది, నోరు ఎండిపోతుంది. ఈసీజీ, బీపీ చూసి సుమాట్రిప్టాన్ రెండు వారాల తరవాత మొదలెట్టొచ్చన్నారు, నెలకి తొమ్మిది రోజులు దాటొద్దన్నారు. అన్నయ్యగారూ, మీరు అడక్కపోతే నేను వేళ్ళ సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఒక్కటి అడగడం మర్చిపోయాను, ఒక సుమాట్రిప్టాన్‌కి తగ్గకపోతే రెండోది ఎప్పుడు?

తణుకు ఫార్మసిస్ట్
మీ మెసేజ్ చూసి మా ఆవిడకి కూడా చదివి వినిపించేనమ్మా. మొదటిదానికి కొంచెం కూడా తగ్గకపోతే ఆ నొప్పికి రెండోది వేసుకోవద్దు. తగ్గి మళ్ళీ తిరగబెడితేనే, కనీసం రెండు గంటలు ఆగి ఇంకోటి, అదీ డాక్టర్ గారు మీకు రాసిన లెక్క దాటకుండా. కొద్దిమందికి మెడలో, దవడలో, ఛాతీలో బిగింపులా వచ్చి పోతుంది, మీకొస్తే మాత్రం సర్దుకుంటుందిలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఎప్పుడూ రాని తీరులో ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు నొప్పొచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి లేవకపోయినా అసలు మాత్రే ముట్టుకోకుండా 108. ఇకమీదట షాపులో షీటు కత్తిరించేటప్పుడు పేరూ తేదీ ఉన్న ముక్క నాకివ్వండి అని గట్టిగా అడగండి, కుదరకపోతే పూర్తి షీటు కొనుక్కోండి. ఆ బిస్కెట్ల డబ్బాలో పేరు లేని ముక్కలన్నీ ఈరోజే తీసేయండి.