యానిమేషన్ సినిమా ముందస్తు ప్రదర్శనకు పాస్ వచ్చింది: నాలుగేళ్ల పాపను తీసుకువెళ్లవచ్చా?

వెన్నెలపిట్ట:

అందరికీ నమస్కారం. ఇంకా విడుదల కాని ఒక యానిమేషన్ కుటుంబ చిత్రాన్ని ముందుగా చూడటానికి మా నలుగురికీ కలిపి ఈమెయిల్‌లో ఒక పాస్ వచ్చింది. కొన్ని నెలల క్రితం ఏదో సినిమా చూసి బయటికి వస్తుంటే ద్వారం దగ్గర ఒకాయన ఇచ్చిన కాగితం నింపిన గుర్తు ఉంది. బహుశా అందువల్లే వచ్చి ఉంటుంది. మాకు ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉన్నారు. పిల్లలతో సినిమాకు వెళ్లడం అలవాటే గానీ, ఇలాంటి ప్రదర్శనకు వెళ్లడం ఇదే మొదటిసారి.

పాస్ మీద "సీటుకు హామీ లేదు, ముందు వచ్చినవారికే ప్రాధాన్యం" అని రాసి ఉంది. పిలిచినవారే సీటు ఉంటుందో లేదో తెలియదనడం ఏమిటో నాకు బోధపడలేదు. దాని కిందనే "చిత్రంలో కొన్ని భాగాలు పూర్తి కాలేదు" అని మరొక వాక్యం ఉంది. సినిమా పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎంత ముందుగా వెళ్లాలి, పూర్తి కాని సినిమా పిల్లలకు అర్థమవుతుందా, మధ్యలో పాప పేచీ పెడితే బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లనిస్తారా, చూసినదాని గురించి తరువాత ఎక్కడైనా రాయవచ్చా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

రెండోవరుస:

మీకు వచ్చినది ఏ రకం ప్రదర్శన అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మీ సందేహాలన్నింటికీ జవాబు అందులోనే ఉంది. విడుదలకు కొద్ది రోజుల ముందు, పూర్తయిన సినిమాను ప్రచారం కోసం చూపించేది ఒక రకం. చూసినవారు బయటికి వెళ్లి నలుగురికీ చెప్పాలన్నదే అక్కడ నిర్మాతల కోరిక. విడుదలకు నెలల ముందు, సినిమా ఇంకా చేతిలో ఉండగానే, ప్రేక్షకుల నాడి పట్టుకోవడానికి చూపించేది రెండో రకం, దీన్నే టెస్ట్ స్క్రీనింగ్ అంటారు. చూసినవారు ఎవరికీ చెప్పకూడదన్నది ఇక్కడి షరతు. పేరు దాచడం, పూర్తి కాలేదని ముందే చెప్పడం చూస్తే మీది రెండోదే. లోపలికి వెళ్లేముందు ఒక కాగితం మీద సంతకం చేయించుకుంటారు. దాన్ని చదివి సంతకం చేయండి, చేశాక మాట నిలబెట్టుకోండి. రాయవచ్చా అన్న ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు లేదు.

ఇక సీట్ల సంగతి. ఉచితంగా పాస్ తీసుకున్నవారిలో చాలామంది తీరా ఆ రోజున రారు. హాలు సగం ఖాళీగా ఉంటే హాస్య సన్నివేశం పండిందో లేదో తెలుసుకోవడం కష్టం, ఎందుకంటే నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది, పిల్లల సినిమాలో మరీనూ. అందుకని నిర్వాహకులు ఉన్న సీట్ల కంటే ఎక్కువ పాసులు కావాలనే పంచుతారు. అందరూ వచ్చిన రోజున వరుస చివర ఉన్నవారు ఇంటిదారి పట్టవలసిందే. ఒకసారి నా వంతు కూడా వచ్చింది. మా ముందు నిలబడిన దంపతులను లోపలికి పంపి, మా దగ్గర అడ్డుతాడు తగిలించారు, మా అమ్మాయి ఆ తాడు పట్టుకుని "ఇంకెంతసేపు నాన్నా?" అని అడుగుతూనే ఉంది. అప్పటి నుంచి కనీసం గంట ముందు వెళుతున్నాను. నలుగురికీ పక్కపక్కన సీట్లు కావాలంటే మరో పావుగంట కలుపుకోండి. మధ్యలో కొన్ని వరుసలు కాగితం అంటించి ఖాళీగా ఉంచితే ఆశపడకండి, అవి చిత్రబృందానివి. వారు తెర కంటే ప్రేక్షకుల వైపే ఎక్కువ చూస్తారు.

ఫోన్లు ముందే తీసుకుని సీలు వేసిన సంచిలో పెడతారు, కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఏదైనా చెప్పవలసి ఉంటే వరుసలో ఉన్నప్పుడే చెప్పేయండి.

గీతలబండి:

యానిమేషన్ రంగంలో కొన్నేళ్లు పని చేసినవాడిగా, "పూర్తి కాలేదు" అన్న మాటకు అర్థం చెబుతాను. మామూలు సినిమాలో అయితే సంగీతమో గ్రాఫిక్సో మిగిలి ఉంటాయి. నటులు మాత్రం తెర మీద కనిపిస్తారు. యానిమేషన్‌లో అసలు మనిషే ఉండకపోవచ్చు. కథను ముందుగా బొమ్మలుగా గీసుకుంటాము, అది స్టోరీబోర్డు. ఆ బొమ్మలను వరుసగా పేర్చి, స్టూడియోలో పనిచేసేవారి గొంతులతోనే తాత్కాలికంగా మాటలు చెప్పించి, మరెక్కడి నుంచో తెచ్చిన సంగీతం కలిపి నడిపితే అది యానిమాటిక్ అవుతుంది. ఆ తరువాత పాత్రలు బూడిదరంగు బొమ్మల్లా కదలడం మొదలుపెడతాయి. జుట్టు, బట్టల మడతలు, వెలుగునీడలు అన్నీ చివరికి చేరతాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 90 నిమిషాల సినిమాకు 1,29,600 ఫ్రేములు కావాలి, వాటిలో ఒక్కొక్క దాన్ని కంప్యూటర్ చిత్రించడానికే గంటలు పట్టవచ్చు. మార్చవలసినవి ఆ పనికి ముందే తెలిస్తే ఖర్చు తక్కువ కనుక, సగం వండిన సినిమానే మీ ముందు పెడతారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. 1989లో వచ్చిన 'ది లిటిల్ మెర్మెయిడ్'లో నాయిక తన కోరికను పాడుకునే పాట మనకు తెలిసినదే. ఆ సినిమాను ముందుగా చూపించినప్పుడు ఆ పాట ఇంకా రంగులు లేని గీతల దశలోనే ఉంది. పిల్లలు అటూ ఇటూ కదలడం చూసి, అప్పటి స్టూడియో పెద్ద జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ ఆ పాటను తీసేయాలన్నారు. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్, యానిమేటర్ గ్లెన్ కీన్ పట్టుబట్టి ఉంచారు. రంగులు చేరిన తరువాత చూపించినప్పుడు ఆ ఇబ్బంది రాలేదు. పిల్లలు కదిలింది పాట బాగోలేకనా, బొమ్మ పూర్తి కాకనా అన్నది ఆ హాల్లో కూర్చుని తేల్చడం అంత సులువు కాదు.

ఎనిమిదేళ్ల బాబుకు రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. పాపను కూడా తీసుకువెళ్లమనే నా సలహా. పసిపిల్లలు ఎక్కడ కుదురుగా ఉన్నారు, ఎక్కడ లేచారు అన్నది చిత్రబృందానికి చాలా విలువైన సమాచారం.

ఇద్దరిఅమ్మ:

గీతలబండి గారూ, సమాచారం మీకు, మోత మాకు. గీతల బొమ్మ కదలకుండా నిలబడి, వెనుక నుంచి మాటలు మాత్రమే వినిపించే ఐదు నిమిషాలను నాలుగేళ్ల పిల్ల భరించదు; "బొమ్మ ఆగిపోయిందేం?" అని హాలంతా వినబడేలా అడుగుతుంది. తాత్కాలికంగా కలిపిన ధ్వని ఒక్కోచోట ఉలిక్కిపడేంత పెద్దగా ఉంటుంది, ఆ ఉరుము ఎప్పుడు వస్తుందో మనకూ తెలియదు. విడుదలైన సినిమా అయితే భయపెట్టే సన్నివేశాలు ఉన్నాయో లేవో ముందే ఎవరినైనా అడిగి తెలుసుకుంటాము, ఇక్కడ ఆ వీలు లేదు. పైగా సినిమా అయ్యాక ప్రశ్నాపత్రం నింపాలి, ఎంపిక చేసిన ఇరవై మందిని మరికొంతసేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అప్పటికి పాప నిద్రవేళ దాటిపోతుంది.

పూర్తయిన సినిమా ప్రివ్యూ అయితే నేనే తీసుకువెళ్లమనేదాన్ని. నడవ పక్క సీటులో కూర్చుని, పేచీ మొదలుకాగానే బయటికి వస్తే సరిపోయేది. ఇక్కడ మాత్రం వద్దు. ఇంకొక మాట. ఇలాంటి ఆహ్వానాల్లో చాలావరకు వయసు పరిమితి ఉంటుంది, మీ పాస్ అడుగున చిన్న అక్షరాలు ఉంటే ఒకసారి చూడండి.

రెండోవరుస:

ఇద్దరిఅమ్మ గారితో ఏకీభవిస్తున్నాను. బయటికి వెళ్లి తిరిగి రావడం గురించి చెప్పడం మరిచాను: బాత్రూముకు వెళ్లి వస్తే ఎవరూ ఏమీ అనరు, కానీ పిల్లను ఆడించడానికి ఎక్కువసేపు బయట తిరిగితే మళ్లీ పంపకపోవచ్చు. తలుపు దగ్గర ఉన్నవారిని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

ప్రశ్నాపత్రం మాట వచ్చింది కనుక, ఒక విషయం. అందులో "అద్భుతం" నుంచి "బాగోలేదు" వరకు సాధారణంగా ఐదు గడులు ఉంటాయి, నిర్వాహకులు లెక్కలోకి తీసుకునేది ముఖ్యంగా పై రెండు గడులనే. మొహమాటం కొద్దీ మనం మధ్యలో "బాగుంది" దగ్గర టిక్కు పెడితే, వారి లెక్కలో అది బాగున్నట్టు కాదు. పిల్లల కాగితం పిల్లలనే నింపనివ్వండి, పక్క నుంచి అందించకండి.

వెన్నెలపిట్ట:

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరిఅమ్మ గారు చెప్పినట్టు పాస్ అడుగున చూస్తే "ఏడేళ్లు నిండినవారికి మాత్రమే" అని నిజంగానే ఉంది. నాలుగుసార్లు చదివినా నాకు కనబడలేదు. పాపతో మావారు ఇంట్లో ఉండిపోయారు, బాబును తీసుకుని నేను నిన్న వెళ్లి వచ్చాను. గంటా పది నిమిషాల ముందు చేరినా మా ముందు ఎంత లేదన్నా అరవై మంది ఉన్నారు. మా వెనుక వచ్చినవారిలో కొందరిని తిప్పి పంపడం కళ్లారా చూశాను.

కాగితం మీద సంతకం పెట్టాను కనుక కథ చెప్పను. మొదటి అరగంట రంగుల్లోనే సాగింది. ఒక పరుగు సన్నివేశం మధ్యలో ఉన్నట్టుండి రంగులన్నీ పోయి, పాత్రలు నున్నటి గుండ్లతో, రెప్పవేయని కళ్లతో బంకమట్టి బొమ్మల్లా పరుగెత్తసాగాయి. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. మావాడు నా చెవి దగ్గరికి వంగి "అమ్మా, వీళ్లకి జుట్టు ఎప్పుడు మొలుస్తుంది?" అని అడిగాడు. గీతలబండి గారు చెప్పిన ముక్క అప్పజెప్పితే తల ఊపి మళ్లీ సినిమాలో పడిపోయాడు. వాడికి ఇబ్బంది కలిగించింది గీతలు కాదు, గొంతులు; ఒకే పాత్ర రెండు చోట్ల రెండు గొంతులతో మాట్లాడితే అది వేరే పాత్ర అనుకున్నాడు.

చివర పెన్సిల్, కాగితం ఇచ్చారు. రెండోవరుస గారి మాట గుర్తుంచుకుని నేను అటు తిరిగి కూర్చున్నాను. వాడు ముందు "చాలా బాగుంది" గడిలో టిక్కు పెట్టి, కాసేపు ఆలోచించి, దాన్ని చెరిపేసి "బాగుంది" గడికి దిగాడు. కారణం రాయమన్న చోట మూడు పంక్తులు రాశాడు, అవి మాత్రం ఇక్కడ చెప్పడానికి లేదు.