కొత్త ఓపెన్ కాస్ట్ వస్తే మన ఊళ్లు ఇంకా వేడెక్కుతాయా?

మిరపచేను: వచ్చే నెల మా మండలంలో కొత్త ఓపెన్ కాస్ట్ (పైనుంచి నేలంతా తవ్వే) బొగ్గు గనిపై ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. గని వల్ల పరిసరాలకు ఏమవుతుందో చెప్పే నివేదిక తెలుగు సారాంశం పంచాయతీ ఆఫీసులో చదివాను. దుమ్ము గురించి రాశారు, వేడి గురించి ఒక్క ముక్క లేదు. చెట్లన్నీ కొట్టి మట్టి గుట్టలు పోస్తే ఆ బోడి రాళ్లు పగలంతా కాగి రాత్రి సెగ కక్కుతాయి. గని మన బావులకన్నా చాలా లోతు. ఊరే నీళ్లను పంపులతో తోడేస్తుంటే బోర్లు ఎండకుండా ఉంటాయా?

పాతబాయి: నేను 31 ఏళ్లు భూగర్భ బాయిలో (బొగ్గు గనిలో) చేసిన. రామగుండం వైపు ఎండలు ఓపెన్ కాస్టులు రాకముందూ మండినయి. గని వల్ల ఎన్ని డిగ్రీలు పెరిగిందో కొలత చూపించు తమ్మీ.

గోదారిగట్టు: మా ఊరు పాత ఓపెన్ కాస్ట్ పక్కనే. ఏప్రిల్‌లో రాత్రి రెండింటికి కూడా గోడ వెచ్చగానే ఉంటది.

పాతబాయి: గోడ వెచ్చదనం కొలత కాదు. రామగుండం వాతావరణ కేంద్రం లెక్క తీయండి.

మిరపచేను: ఆ కేంద్రం గుట్ట పక్కన ఉందా అన్నా? మా వాడలో థర్మామీటరే లేదు, కొలత ఎక్కడినుంచి తేవాలి? పోయినసారి గుట్ట పక్క చేను కౌలుకు చేశా. పూత రాలింది. కాయ మీద దుమ్ము ఉందని మార్కెట్లో ధర కోశారు.

పాతబాయి: 2021లో నల్ల తామర పురుగుకు రాష్ట్రమంతా మిరప పోలేదా? ప్రతిదీ గని మీదికి తోస్తే ఎట్లా?

శ్రావణమేఘం: రోజు సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం10 (ఊపిరితో లోపలికి పోయే సన్న) దుమ్ము 100 మైక్రోగ్రాములు దాటొద్దు. గని మొదలవకముందే మన వాడలో కొలిపించమని అడగండి, డిగ్రీలు కూడా.

మిరపచేను: పురుగు సంగతి నాకూ తెలుసు. ఆ ధర కోత కూడా పురుగు వల్లేనా? మీకు గని కోసం తీసుకునే భూమి గీత లోపల ఆరెకరాలు ఉన్నాయి, అందుకే కొలత కొలత అంటున్నారు.

పాతబాయి: ఉన్నాయి, దాచలేదు. బిడ్డ పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. గని మాట లేచినప్పటినుంచి ఆ భూమి కొనడానికి ఎవరూ రావట్లేదు. కంపెనీ తీసుకోకపోతే నేనేం చేయాలి? నువ్వు గని వద్దంటే మా ఇంట్లో పొయ్యి ఆరుతది.

మిరపచేను: గని వద్దని ముందు నేను అన్లేదు, వేడి గురించి అడిగా. నా బాధ వేరే. గీత మా వాడ ముందే ఆగింది. బ్లాస్టింగ్‌కు 500 మీటర్లు ప్రమాద ప్రాంతం, మా ఇళ్లు దాన్ని కాస్త దాటి ఉన్నాయి. మీకు భూమికి డబ్బు వస్తది. నాది కౌలు, కాగితం లేదు. ఇల్లు తీసుకోరు, ఉండనివ్వరు.

గోదారిగట్టు: మా దగ్గరా ఇదే జరిగింది. సగం ఊరు లేచిపోయింది, మిగిలిన సగానికి బడి కూడా లేదు.

పాతబాయి: ఈ మాట మొదలే చెప్పాల్సింది. వాడను కూడా గీతలో కలపమని రాయి, సంతకం చేస్త. గని ఆపమని రాస్తే చేయను.

మిరపచేను: వాడను కలపకపోతే గని వద్దని రాస్తా. రెండూ ఒకే కాగితంలో.

పాతబాయి: అట్లయితే నా సంతకం ఉండదు తమ్మీ.