జమైకా కోడలు వస్తోంది, మన పెరటి సరుకుతో వాళ్లింటి వంట చేయాలి

కొబ్బరితోట:

అందరికీ నమస్కారం అండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి టొరంటోలో ఉద్యోగం చేస్తూ అక్కడే జమైకా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. డిసెంబరు మూడో వారంలో ఇద్దరూ వస్తున్నారు. సంక్రాంతి దాకా ఉంటారు. కోడలు మా గడప తొక్కడం ఇదే మొదలు.

మన పిండివంటలకి లోటు చేయను. పూతరేకులకి ఆత్రేయపురంలో చెప్పేశాను, తాపేశ్వరం కాజా మా మరిది తెస్తానన్నాడు, పొట్టిక్కబుట్టలకి పనసాకులు ఇంట్లోనే ఉన్నాయి. అవన్నీ మనం ముచ్చటపడి పెట్టేవి. ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ నోటికి అలవాటైన వంట ఒక్కటైనా మా పొయ్యి మీద ఉడకాలని నా కోరిక. అంత దూరం నుంచి వచ్చి కొత్తవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు, కంచంలో తెలిసిన రుచి ఒకటుంటే ప్రాణం కుదుటపడుతుంది.

వాళ్లది మాండవిల్ అట, కొండల మీద ఊరు. నాన్నమ్మ పెంచింది. వీడియో కాల్‌లో మా వాణ్ని అడ్డం పెట్టుకుని అడిగితే కోడలు మూడు చెప్పింది: ఆదివారం వండే కొబ్బరిపాల అన్నం, చిలగడదుంపతో చేసే పుడ్డింగు, క్రిస్మస్‌కి తాగే ఎర్ర పానీయం. అవి ఇండియాలో దొరకవులెండి అంది. కొబ్బరికాయలు మా వాకిట్లో రాశి పోసి ఉన్నాయి, చిలగడదుంపలు సంతలో ఉన్నాయి. ఓవెన్ ఒక్కటే లేదు. యూట్యూబ్‌లో ఒక్కొక్కరూ ఒక్కోలా చేస్తున్నారు. అక్కడ ఉండి, తిని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కొలతలతో చెబితే మరీ మంచిది.

పాలకొల్లు అమ్మాయి:

పిన్నిగారూ, మీరు అడిగింది చదివి ప్రాణం లేచొచ్చింది. నేను నర్సుగా కింగ్‌స్టన్‌లో పనిచేసి వచ్చాను. మా ఇంటి యజమానురాలు ఆదివారం ఆదివారం నాకు పళ్లెం నింపి మేడ మీదకి పంపేది. ఆ అన్నం మీకు తప్పకుండా కుదురుతుంది, ఎందుకంటే దానికి ప్రాణం కొబ్బరిపాలు. డబ్బా పాలతో ఆ రుచి రాదు, పొడితో అసలే రాదు. చెట్టు దిగిన కాయ కొట్టి అప్పటికప్పుడు పిండుకునే భాగ్యం మీకుంది.

దాన్ని వాళ్లు ‘రైస్ అండ్ పీస్’ అంటారు. ఏడాది పొడుగునా ఎర్ర రాజ్మాతో వండుతారు. క్రిస్మస్ రోజుల్లో మాత్రం ‘గుంగో పీస్’ వేస్తారు, అవి మన కందులే! పచ్చి కందికాయ అక్కడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. కింగ్‌స్టన్ కోరొనేషన్ మార్కెట్‌లో బస్తాల మీద కూర్చుని కాయలు ఒలుస్తున్న ఆడవాళ్లని చూసి అక్కడే నిలబడిపోయాను. మీకు చేలగట్ల మీద కంది ఉంటే ఇంకేం కావాలి.

ఒక కప్పు ఒలిచిన పచ్చి కందులకి రెండు కప్పుల బియ్యం. కందుల్ని నీళ్లలో మెత్తగా ఉడికించండి, ఆ నీళ్లు పారబోయకండి. ఒక పెద్ద కాయ కోరి, గోరువెచ్చని నీళ్లు పోసి పిండి, పాలు అందులో పోయండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, ఉల్లికాడలు వేసి, బాగా మరగనివ్వండి. మనం కొబ్బరిపాలు విరుగుతాయని మంట తగ్గించేస్తాం. వాళ్లు అలా కాదు, పైన నూనె చుక్కలు తేలేదాకా మరిగిస్తారు. ఆ నూనె తేలితేనే అన్నం మెతుకుకి మెరుపు, ఆ వాసన. అప్పుడు ఉప్పు, బియ్యం వేసి, మూతపెట్టి సన్న సెగ మీద మగ్గించాలి. బియ్యం పాతవి వాడండి. డిసెంబరులో ఇళ్లలోకి కొత్త బియ్యం వస్తాయి, వాటితో వండితే ముద్దైపోతుంది.

వాళ్ల కారం స్కాచ్ బానెట్ అనే బుడ్డ మిరపకాయ. దాన్ని కోయరు. తొడిమతో సహా అన్నం మీద పెట్టి, ఉడికాక చితక్కుండా తీసేస్తారు, వాసన మాత్రం దిగుతుంది. మన పచ్చిమిర్చితో ఆ వాసన రాదుగానీ పద్ధతి అదే పాటించండి. థైమ్ అనే వాసన ఆకు కొమ్మలు వేస్తారు. మీ కుండీలో వామాకు ఉందా? అదే మొక్క కరీబియన్ పెరళ్లలోనూ ఉంటుంది, అక్కడివాళ్లు థైమ్ బదులు దాన్నీ వాడతారు. ఘాటు ఎక్కువ కాబట్టి ఒక్క ఆకు చాలు. ఇక పిమెంటో గింజలు. మిరియంలా ఉంటాయి, కొరికితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిసిన రుచి. మీవాడికి చెప్పి ఓ పొట్లం తెప్పించుకోండి, టొరంటోలో జమైకా దుకాణాలు చాలా ఉన్నాయి. తేకపోతే రెండు లవంగాలు, చిన్న దాల్చిన ముక్క.

పక్కన మాంసం కూర మీ పద్ధతిలోనే వండేయండి. మనదేశం నుంచి కూలీలు 1845లో జమైకాలో దిగారు. వాళ్ల వెంట వెళ్లిన మసాలాతోనే ఆ దేశపు ‘కర్రీ గోట్’ పుట్టింది. ఇప్పుడు అది లేకుండా అక్కడ పెళ్లి విందు ఉండదు. మీ కోడలికి మీ మేకమాంసం కొత్తగా అనిపించదు, కారం ఒక్కటి చూసుకోండి.

ఇంకొకటి, ఇది అడక్కుండానే చెబుతున్నాను. ప్రయాణం చేసి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఇడ్లీ, చట్నీ పెట్టకండి. మొక్కజొన్న పిండి జావ కాచండి. పిండిని ముందు చల్లటి నీళ్లలో కలుపుకుని, మరిగే కొబ్బరిపాలలో పోస్తూ ఉండకట్టకుండా తిప్పాలి. పచ్చివాసన పోయేదాకా, పావుగంట పైనే పడుతుంది. దించేముందు చిటికెడు ఉప్పు, జాజికాయ పొడి, మిల్క్‌మెయిడ్. జమైకాలో పిల్లల్ని బడికి పంపేముందు తాగించేది అదే, జ్వరం తగిలినా అదే. నైట్ డ్యూటీ దిగి గేటు తీసేసరికి మా యజమానురాలు మూతపెట్టి ఉంచేది. ఎంత అలసట ఉన్నా అది కడుపులో పడితే నిద్ర పట్టేసేది.

పుడ్డింగు విషయం: కిలో చిలగడదుంప పచ్చిదే తురుముకోవాలి. ఉడికించకూడదు. మన ఎర్ర తొక్క, తెల్ల గుజ్జు దుంప దానికి సరిగ్గా సరిపోతుంది. మూడు కప్పుల కొబ్బరిపాలు, ముప్పావు కప్పు మైదా, పావుకిలో బెల్లం కరిగించి వడకట్టినది, అల్లం తురుము, జాజికాయ, వెనీలా, కిస్‌మిస్, కాస్త వెన్న, ఉప్పు. కలిపితే గరిటజారుగా ఉంటుంది, పల్చగా ఉందని పిండి పెంచకండి. సగం ఉడికాక పైన ఇంకాసిని చిక్కటి పాలు, పంచదార కలిపి పోస్తారు. పైపొర మెత్తగా, జున్నులా వణుకుతూ రావడం దాని అందం.

ఓవెన్ లేదని బెంగపడకండి. పాతకాలం జమైకా వాళ్లు డచ్ పాట్ అనే మందపాటి ఇనప గిన్నెలో పోసి, కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు పెట్టి చేసేవారు. “పైన నరకం, కింద నరకం, నడుమ హల్లెలూయా” అని దానికి వాళ్లకో సామెత ఉంది. మన తాటిరొట్టె కాల్చిన చేతికి అది చేతకాకపోవడం ఉండదు.

రావులపాలెం వంటమేస్త్రి:

అక్కగారండీ, జమైకా సంగతి నాకు తెలవదు గానీ కుంపటి సంగతి నన్నడగండి. పై అమ్మాయిగారు చెప్పింది దిబ్బరొట్టె పద్ధతే. అడుగు మందంగా ఉన్న ఇత్తడి గిన్నె గానీ ఇనప మూకుడు గానీ తీసుకోండి. ఇత్తడిదైతే లోపల కళాయి ఉండాలి, కొబ్బరిపాలు, బెల్లం పోస్తున్నారు కదా. లోపల వెన్న రాసి, అరిటాకు వాడ్చి పరవండి. ఆకు వేస్తే అడుగంటదు, వాసనా బాగుంటుంది.

కొత్తవాళ్లకి తెలవంది ఒకటుంది. నిప్పులు కింద తక్కువ, పైన ఎక్కువ ఉండాలండి. కింద సెగ ఎలాగూ పైకి లేస్తుంది, పైనుంచి సెగ కిందికి దిగడమే కష్టం. మూడొంతులు నిప్పులు మూతపెట్టిన పళ్లెం మీద, ఒక వంతు కుంపట్లో. కొబ్బరి చిప్పల బొగ్గు వాడండి, మీ ఊళ్లో కొదవలేదు. సెగ నిలకడగా ఉంటుంది, చిటపటలాడి నిప్పురవ్వలు ఎగరవు. బూడిద పట్టగానే విసరాలి, లేకపోతే పైన రంగు రాదు. కిలో దుంపలంటే గంటన్నర పైన పడుతుంది. మూత తీసేటప్పుడు పళ్లెం వంగితే బూడిద లోపల పడిపోద్ది, ఇద్దరు పట్టుకుని ఎత్తండి. పుల్ల గుచ్చితే తడి పిండి అంటుకోకూడదు. దించి వెంటనే కొయ్యకండి, అంత పాలు పోసిన సరుకు చల్లారితేనే ముక్క నిలబడుతుంది. ఆయ్, రాత్రి చేసి పొద్దున్న పెట్టుకోండి.

నరసాపురం కోడలు:

ఆంటీ, మీ మనసు చాలా మంచిది. నాదో మాట వినండి. మాది కేరళలో పాలక్కాడ్, పెళ్లయి నరసాపురం వచ్చాను. నేను వచ్చిన కొత్తల్లో మా అత్తయ్య నాకోసం అవియల్ నేర్చుకుని వండుతానంది. వద్దత్తయ్యా, నాకు పొయ్యి ఇవ్వండి అన్నాను. ఆవిడ కత్తిపీట నా ముందుకు జరిపి పక్కన పీట వేసుకు కూర్చుంది. ఆ పూటే నేను ఆ ఇంటిమనిషినయ్యాను.

అందుకని మూడూ మీరే చేసి పళ్లెంలో పెట్టకండి. అన్నం మీరు వండండి, ఆ వాసనతో ఆవిడకి స్వాగతం. పుడ్డింగు మాత్రం ఆవిడ చేతికి వదిలేయండి. ఇంకో కారణం కూడా ఉంది. నాన్నమ్మ చేతి వంట అన్నారు కదా, దాన్ని మనం కొలతలతో అందుకోలేం. ఆవిడ జాజికాయ ఎంత వేసేదో, బెల్లం ఎంత ముదురు రంగులో ఉండేదో ఆ మనవరాలికే తెలుసు. మీరు దుంపలు తురిమి, పాలు పిండి సిద్ధం చేస్తే చాలు. మాట కలవకపోయినా చేతులు కలుస్తాయి.

పాలకొల్లు అమ్మాయి:

నరసాపురం అక్క మాటకి నా ఓటు కూడా. నేను కొలతలు చెప్పింది సరుకు సరిపడా తెచ్చుకోవడానికి అనుకోండి.

కొబ్బరితోట:

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా. నరసాపురం అమ్మాయి మాట మనసులో నాటుకుంది. అన్నం, జావ నావి. పుడ్డింగు తనది, కుంపటి దగ్గర మా ఆయన విసనకర్రతో కూర్చుంటానన్నారు. మా అత్తగారి నాటి ఇత్తడి గిన్నె అటక మీంచి దింపించి కళాయికి ఇచ్చాను.

మూడోది మిగిలిపోయింది. ఆ ఎర్ర పానీయం గోంగూరతో చేస్తారని మావాడు అంటున్నాడు. నిజమేనా? ఆకు ఉడకబెడతారా?

పాలకొల్లు అమ్మాయి:

నిజమే పిన్నిగారూ, ఆకు కాదు, కాయ. ‘సోరెల్’ అంటారు. విత్తనానికి వదిలేసిన ఎర్ర గోంగూర మొక్కకి డిసెంబరులో కాయలుంటాయి చూడండి, వాటి చుట్టూ కండపట్టిన ఎర్రటి రేకలుంటాయి, అవే కావాలి. మనం కూరకి పెంచే గోంగూరల్లో కొన్నింటికి ఆ రేకలు సన్నగా, ముళ్లలా ఉంటాయి, అవి పనికిరావు. పట్టుకుంటే మందంగా, కొరికితే పుల్లగా ఉన్నవే తీసుకోండి.

కాయ అడుగున చాకుతో గుండ్రంగా కోసి వేలితో నెడితే లోపలి గింజబుడ్డ బయటికి వచ్చేస్తుంది. రేకలు కడిగి జాడీలో వేసి, అల్లం బాగా ఎక్కువగా, కిలో రేకలకి వంద గ్రాముల పైనే, దంచి వేయండి. నాలుగు లవంగాలు. సలసల కాగే నీళ్లు మునిగేదాకా పోసి మూతపెట్టి రాత్రంతా ఉంచాలి. పొయ్యి మీద పెట్టి ఉడికించక్కర్లేదు. అల్యూమినియం గిన్నె వద్దు, ఆ పులుపుకి పనికిరాదు. పొద్దున్న వడకట్టి పంచదార కలిపితే చిక్కటి ఎరుపు. అల్లం గొంతులో చురుక్కుమనాలి, అలా లేకపోతే జమైకా వాళ్లు ఒప్పుకోరు.

అక్కడ పెద్దవాళ్లు రమ్ము కలుపుకుంటారు, దాంతో చాలా రోజులు నిలవుంటుంది. మీరు కలపకపోతే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తాగేయండి. కాయల సంగతి ఇప్పుడే చూసుకోండి, మీ చేలో లేకపోతే గోంగూర వేసిన రైతుకి నాలుగు మొక్కలు పీకకుండా వదలమని చెప్పి ఉంచండి.