‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడా, కాసేపట్లోనా?

రేవుగట్టు:
వరదకి పంటు ఆపేస్తే, బయటూరి వాళ్ల కోసం రేవులో ఇంగ్లీషు బోర్డు పెట్టాలి. ‘ద ఫెర్రీ ఈజ్ ప్రెజెంట్లీ క్లోజ్డ్’ అని రాశాం. ప్రెజెంట్లీ అంటే ‘కాసేపట్లో’ అనీ, ‘ఇప్పుడు’ అనుకోవడం మన తెలుగోళ్ల తప్పనీ ఒకాయన వాదన. నిజమేనాండీ?

పాతబడి మాస్టారు:
నిజమే. ఇంగ్లండు వాడుకలో ‘ఐ విల్ కమ్ ప్రెజెంట్లీ’ అంటే కాసేపాగి వస్తానని. ప్రెజెంట్ కనబడగానే మనం ప్రస్తుతం అనేసుకుంటాం.

దాళ్వా:
మాస్టారూ, సగమే చెప్పారు. ‘ఇప్పుడు’ అన్న అర్థం మనం పుట్టించింది కాదండీ, 15వ శతాబ్దం నుంచీ ఉంది. ఇంగ్లండు రచనల్లో తర్వాత వెనకబడినా స్కాట్లండులో పోలేదు, అమెరికాలో ఈనాటికీ మామూలే. వీటికి తోడు ‘తక్షణం’ అనే పాత అర్థం ఒకటుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో మత్తయి 21:19 తియ్యండి: యేసు శపించిన అంజూరపు చెట్టు ‘ప్రెజెంట్లీ’ ఎండిపోయింది. మన తెలుగు బైబిల్లో అక్కడ ‘తక్షణమే’ అని ఉంటుంది. కాసేపాగి ఎండితే అందులో అద్భుతం ఏముంది?

రేవుగట్టు:
మరి తక్షణం కాస్తా కాసేపు ఎలా అయింది?

దాళ్వా:
వస్తానన్నవాళ్లు రాకపోవడం వల్ల! ‘ఇప్పుడే వస్తా’నని వెళ్లినవాడి కోసం ఎంతసేపు కూర్చుంటామో తెలిసిందే కదా. ‘సూన్’దీ ఇదే కథ. పాత ఇంగ్లీషులో అది ‘సోనా’, అర్థం వెంటనే. ‘బై అండ్ బై’ ఇంకా విచిత్రం, ఇప్పుడు దానర్థం కాసేపటికి, మెల్లగా అని. అదే బైబిల్లో, మార్కు 6:25లో, యోహాను తల ‘బై అండ్ బై’ కావాలని అడిగిన పిల్ల మెల్లగా ఇవ్వమనలేదు, ఇప్పుడే ఇమ్మంది.

లంకగాలి:
చరిత్ర సరే, బోర్డు సంగతి చూద్దాం. క్రియని బట్టి తేలిపోతుంది. ‘ఈజ్ క్లోజ్డ్’ మధ్యలో వస్తే ఇప్పుడు. ‘విల్’ ఉండి ఆ మాట వాక్యం చివర పడితే కాసేపట్లో. కథల్లో భూతకాలంతో వస్తే కాసేపటికి. చిక్కల్లా ‘ద ఫెర్రీ ఈజ్ ప్రెజెంట్లీ లీవింగ్’ లాంటి వాటితోనే. పంటు కదులుతోందా, కదలబోతోందా? పరిగెత్తాలో, టీ తాగి వెళ్లాలో తెలీదు. మీ బోర్డులో ఆ గొడవ లేదు.

పాతబడి మాస్టారు:
తప్పు లేదని ఒప్పుకుంటా. కానీ ‘ఈజ్’లోనే ‘ఇప్పుడు’ ఉంది కదా, ఆ మాట పనేంటి? కొట్టేసి తెరిచే తారీఖు రాయండి.

లంకగాలి:
వరద ఎప్పుడు తీస్తుందో తారీఖు ఎవరు చెప్తారండీ? ఉత్త ‘క్లోజ్డ్’ అంటే రేవే మూసేశారనుకుంటారు.

పాతబడి మాస్టారు:
అయితే ‘క్లోజ్డ్ అంటిల్ ద ఫ్లడ్ రిసీడ్స్’ అనండి. ‘మొమెంటరిలీ’ జోలికి మాత్రం పోకండి. అది ‘క్షణంపాటు’, ‘క్షణంలో’ రెండూను.