అంతరిక్షానికి వీధికుక్కలే ఎందుకు? లైకా ఎన్నాళ్లు బతికింది?

పర్లాకిమిడి టీచర్:
మాస్కో వీధికుక్కల మీద, అంతరిక్షానికి వెళ్లిన జంతువుల మీద వచ్చిన డాక్యుమెంటరీని మా తెలుగు మీడియం బడిలో ఎనిమిదో తరగతికి చూపిద్దామనుకుంటున్నాం. సోవియట్ శాస్త్రవేత్తలు వీధికుక్కల్నే, అందులోనూ ఆడవాటినే ఎందుకు పట్టుకున్నారు? వాళ్లు అంతరిక్షానికి పంపిన కుక్క లైకా అక్కడ వారం బతికిందని పాత పుస్తకాల్లో ఉంది. అదే చెప్పమంటారా?

రాయగడ:
మాస్టారూ, చలినీ ఆకలినీ తట్టుకోవడం వీధికుక్కకు అప్పటికే అలవాటని వాళ్ల లెక్క. క్యాబిన్ ఇరుకు కాబట్టి ఆరేడు కిలోల కుక్కలే పనికొచ్చేవి. లేతరంగువైతే కెమెరాలో బాగా కనబడతాయి. ఆడవే ఎందుకంటే, మగకుక్క కాలెత్తడానికి అక్కడ చోటు లేదు, మలమూత్రాల సంచీ కూడా ఆడవాటికే సరిగ్గా అమరేది.
శిక్షణలో గూడు అంతకంతకూ చిన్నది చేస్తూ 20 రోజుల దాకా ఉంచేవారు. చాలా కుక్కలు మలమూత్రాలు బిగబట్టేసేవి. విరేచనాల మందు ఇచ్చినా ఫలితం లేకపోయింది, ఓపిగ్గా అలవాటు చేస్తేనే కుదిరింది. బరువు లేని చోట నీళ్లు గిన్నెలో నిలవవు కదా, అందుకే తిండీ నీరూ కలిపి జెల్లీలా పెట్టారు.

బరంపురం:
వారం అని చెప్పకండి. లైకాను తీసుకెళ్లిన వ్యోమనౌక స్పుత్నిక్-2 ఎగిరింది 1957 నవంబరు 3న. పైకి లేస్తుంటే లైకా గుండె నిమిషానికి 103 నుంచి 240కి పోయింది, మామూలు కావడానికి మూడు గంటలు పట్టింది. నేలమీది పరీక్షల్లో పట్టినదానికి ఇది మూడింతలు. ఈలోగా వేడిని అదుపు చేసే ఏర్పాటు పనిచేయక క్యాబిన్ 40 డిగ్రీలకు చేరింది. మే నెలలో గుణుపురం బస్టాండులో కుక్క నాలుక చాపి రొప్పడం పిల్లలు చూసే ఉంటారు. మనలా ఒళ్లంతా చెమట పట్టదు దానికి, నాలుక మీది తడి ఆవిరైతేనే చల్లబడుతుంది. మూసిన గదిలో వేడీ తేమా పెరిగాక ఎంత రొప్పినా లాభం లేదు. ఐదు నుంచి ఏడు గంటల్లోపే ప్రాణం ఉన్న గుర్తులు ఆగిపోయాయి. ఈ సంగతి 2002లో హ్యూస్టన్ అంతరిక్ష సదస్సులో రష్యన్ శాస్త్రవేత్త దిమిత్రీ మలషెంకోవ్ చెప్పేదాకా బయటికి రాలేదు.
అసలు లైకాను తిరిగి దించే ఏర్పాటే లేదు. ఈ మాట పిల్లల దగ్గర దాచడం న్యాయం కాదు. ఆ కుక్కలకు శిక్షణ ఇచ్చిన ఒలెగ్ గజెంకో కూడా 1998లో బాహాటంగా బాధపడ్డారు.

రాయగడ:
1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు అంతరిక్షం నుంచి క్షేమంగా దిగిన సంగతి చెప్పేటప్పుడు, అంతకు మూడు వారాల ముందు, జులై 28న రాకెట్ పేలి చనిపోయిన కుక్కలు బార్స్, లిసిచ్కాల పేర్లు కూడా చెప్పండి. వాటిని ఎవరూ తలవరు.

బరంపురం:
ఇంకొకటి. ఆ డాక్యుమెంటరీలో ఒక కుక్క పిల్లిని చంపే దృశ్యం ఉంది, ముందు మీరొక్కరే చూసుకోండి. సినిమా అయ్యాక పిల్లలు జాలిపడి వీధికుక్కల దగ్గరికి పోతారు. తింటున్న కుక్కనీ, కూనలున్న తల్లికుక్కనీ ముట్టుకోవద్దని ముందే చెప్పండి. కరిస్తే పారే నీళ్లకింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపూ సున్నం పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రిలో మొదటి రేబిస్ టీకా పడాలి.